కారు లైసెన్సు ఉంది, బైక్ కూడా నడపాలి: గేర్ బండా, స్కూటరా, ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

ముందుగా మీ లైసెన్సు కార్డు తీసి, ఏయే వాహనాలకు అనుమతి ఉందో చూడండి. ఎల్ఎంవీ అని ఒక్కటే ఉంటే మీకు ఉన్నది కారు లైసెన్సు మాత్రమే. పక్కన ఎంసీడబ్ల్యూజీ (గేర్ ఉన్న మోటార్ సైకిల్) అని కూడా ఉంటే లైసెన్సు పని ఎప్పుడో అయిపోయిందన్నమాట, నేర్చుకోవడం గురించి రాసిన భాగానికి నేరుగా వెళ్లండి. చాలా డ్రైవింగ్ స్కూళ్లు కారు నేర్పేటప్పుడే రెండింటికీ కలిపి దరఖాస్తు పెట్టిస్తాయి. ఏళ్లు గడిచాక ఆ సంగతి మనకు గుర్తుండదు. కార్డు మీద అక్షరాలు చెరిగిపోతే డిజిలాకర్‌లో చూసుకోవచ్చు.

ఎల్ఎంవీ ఒక్కటే ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: పెద్ద బండికి లైసెన్సు ఉంది కదా, చిన్న బండి నడిపితే తప్పేంటి? మోటారు వాహనాల చట్టం, 1988 వాహనాలను పెద్దవి, చిన్నవి అని వరసగా పేర్చలేదు. 10వ సెక్షన్‌లో దేనికది వేరే తరగతి. గేర్ లేని మోటార్ సైకిల్ ఒకటి, గేర్ ఉన్నది మరొకటి, తేలికపాటి మోటారు వాహనం ఇంకొకటి. ఎల్ఎంవీ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కూడా నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. కానీ అదే లైసెన్సుతో 110 కిలోల స్కూటర్ మీద పక్క వీధికి వెళ్లినా, చట్టం దృష్టిలో మీరు లైసెన్సు లేకుండా నడిపినట్టే.

2019 సవరణ తర్వాత దానికి జరిమానా 5,000 రూపాయలు. బండి వేరేవాళ్లది అయితే, ఇచ్చిన యజమానికీ 5,000 రూపాయల దాకా పడొచ్చు. నన్ను అడిగితే జరిమానా కన్నా ఇన్సూరెన్సు గురించి ఎక్కువ ఆలోచించాలి. ఆ తరగతికి లైసెన్సు లేని మనిషి నడుపుతుండగా ప్రమాదం జరిగితే, బండికి జరిగిన నష్టానికి మీరు పెట్టే క్లెయిమును కంపెనీ తిరస్కరించవచ్చు. యజమానికి ఉండే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమాకూ చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. ఎదుటివాళ్లకు గాయాలైతే సంగతి మరీ పెద్దది. లైసెన్సు సరిగా లేని కేసుల్లో కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత ఆ డబ్బును యజమాని నుంచి వసూలు చేసుకునే దారిని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ మొత్తం ఒక్కోసారి ఇల్లు అమ్ముకునేంత ఉంటుంది.

గేర్ ఉన్నదానికా, లేనిదానికా?

మన దగ్గర కారు డ్రైవరు ముందున్న దారులు రెండే. ఎంసీడబ్ల్యూఓజీ అంటే గేర్ లేని బండ్లకు, అంటే స్కూటర్లు, స్కూటీలు, గేర్ లేని ఎలక్ట్రిక్ బండ్లకు. ఎంసీడబ్ల్యూజీ అంటే గేర్ బండ్లకు. దీంతో స్కూటర్ కూడా నడపొచ్చు, ఇంజిన్ సామర్థ్యం మీద పరిమితి కూడా ఉండదు. 100 సీసీ బండి మీద పరీక్ష పాసైన మనిషి మర్నాడే 1000 సీసీ బండి ఎక్కొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి ఎక్కేయమని మాత్రం నేను చెప్పను.

ఫీజుల లెక్క ఇలా ఉంటుంది. కేంద్ర నిబంధనల పట్టిక ప్రకారం లెర్నర్ లైసెన్సుకు తరగతికి 150, డ్రైవింగ్ పరీక్షకు 300, ఉన్న లైసెన్సులో కొత్త తరగతి చేర్చడానికి 500 రూపాయలు. మొత్తం 950, దాని మీద రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు. ఇప్పుడు స్కూటర్‌కు తీసుకుని, రెండేళ్లకు బైక్ మీద మనసు పడితే ఈ ఖర్చంతా మళ్లీ పెట్టాలి. డబ్బు పెద్ద విషయం కాదనుకున్నా, సెలవు పెట్టుకుని ఆర్టీఏ ఆఫీసు చుట్టూ రెండోసారి తిరగాలి.

అందుకే ఏ కాస్త సందేహం ఉన్నా ఎంసీడబ్ల్యూజీకే వెళ్లండి అంటాను. మాన్యువల్ కారు నడిపేవాళ్లకు క్లచ్ ఏం చేస్తుందో, గేర్ ఎప్పుడు మార్చాలో ముందే తెలుసు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే, మీకు ఆ భారం సగం తగ్గుతుంది. ఆటోమేటిక్ కారు తప్ప మరేదీ నడపనివాళ్లకు ఈ వెసులుబాటు లేదు.

ఎంసీడబ్ల్యూఓజీ తక్కువదని కాదు. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు, పిల్లల్ని స్కూల్లో దింపి కూరగాయలు తెచ్చుకోవడానికి మాత్రమే బండి కావాలనుకునేవాళ్లు, యాభై దాటాక మొదలుపెట్టేవాళ్లు స్కూటర్‌కే లైసెన్సు తీసుకుని నిశ్చింతగా ఉండొచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఏ తరగతికి దరఖాస్తు పెట్టారో ఆ రకం బండి మీదే పరీక్ష ఉంటుంది. గేర్‌కు దరఖాస్తు పెట్టి స్కూటర్ తీసుకెళ్తే తిప్పి పంపుతారు.

ఇక లైసెన్సే అక్కర్లేని ఎలక్ట్రిక్ బండ్లు కొన్ని ఉన్నాయి. మోటారు 250 వాట్ల లోపు ఉండి, గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. దుకాణంలో ఎవరైనా "దీనికి లైసెన్సు అవసరం లేదు" అంటే ఈ రెండు అంకెలూ కాగితం మీద చూపించమనండి. వేగం లాక్ తీసేసి ఇచ్చే బండికి ఈ మినహాయింపు వర్తించదు.

ఆఫీసులో జరిగే పని

ఇక్కడ కారు డ్రైవర్లకు కొంత సుళువు. చెల్లుబాటులో ఉన్న లైసెన్సు మీ చేతిలో ఉంది కాబట్టి, ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) కోసం కంప్యూటర్ మీద రాసే ట్రాఫిక్ గుర్తుల పరీక్ష నుంచి కేంద్ర నిబంధనలు మినహాయింపు ఇస్తున్నాయి. అయినా ఎల్ఎల్ఆర్ మాత్రం తీసుకోవాల్సిందే. అది 6 నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ పరీక్షకు వెళ్లొచ్చు. నలభై దాటినవాళ్లు డాక్టరు సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి. పరీక్ష తప్పితే 7 రోజుల తర్వాత మళ్లీ రావచ్చు, మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి.

ఎల్ఎల్ఆర్‌తో రోడ్డు మీదికి వెళ్తే బండికి ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. 18 సెంటీమీటర్ల తెల్లటి చతురస్రం మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలన్నది నిబంధన. వెనక నేర్పే మనిషి తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు, ఆ మనిషికి ఆ బండి నడిపే లైసెన్సు ఉండాలి. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని "ప్రాక్టీసు" చేయడం దీని ప్రకారం తప్పు. మొదటి వారాల్లో వెనక మనిషి బరువు పడితే బండి తీరే మారిపోతుంది, కాబట్టి చట్టం సంగతి ఎలా ఉన్నా ఆ పని వద్దు.

పరీక్ష రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసేది ఎక్కువగా నెమ్మది మీద పట్టు. చాలా చోట్ల ఎనిమిది ఆకారపు ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా తిరగాలి. కారులో ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా ఇక్కడ తడబడతారు. దానికి కారణం ఏమిటో తెలిస్తే సరిచేసుకోవడం సులువు.

కారు అలవాట్లలో మార్చుకోవాల్సినవి

కారులో హాఫ్ క్లచ్ మీద కాలు ఉంచితే క్లచ్ ప్లేట్ కాలిపోతుందని మొదటి రోజే చెబుతారు. బైక్‌లో క్లచ్ ప్లేట్లు చాలా బండ్లలో ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కాబట్టి నెమ్మదిగా తిరిగేటప్పుడు కొంతసేపు హాఫ్ క్లచ్ మీద నడపడం తప్పు కాదు, అదే అసలు పద్ధతి. యాక్సిలరేటర్ కొంచెం తిప్పి అలాగే ఉంచి, వేగాన్ని క్లచ్‌తోనూ వెనక బ్రేకుతోనూ అదుపు చేయాలి. కారు డ్రైవరు మాత్రం అలవాటుగా క్లచ్ పూర్తిగా వదిలేస్తాడు. బండి కుదుపు ఇచ్చి ఆగిపోతుంది, లేదా ముందుకు దూకుతుంది. ఎనిమిది ట్రాక్ మీద కాలు కింద పడేది ఎక్కువగా ఇందుకే.

రెండోది దీనికన్నా ప్రమాదకరం. కారులో బ్రేకు కుడి కాలికి ఉంటుంది. ఏళ్ల తరబడి ప్రమాదం ఎదురైన ప్రతిసారీ కుడి కాలే గట్టిగా తొక్కింది. మన గేర్ బైక్‌లలో కుడి కాలి కింద ఉండేది వెనక బ్రేకు మాత్రమే. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రానికి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. అప్పుడు కుడి కాలు ఒక్కటే తొక్కితే వెనక చక్రం లాక్ అయి బండి పక్కకు జారుతుంది, ఆగే దూరం కూడా పెరుగుతుంది. బండిని నిజంగా ఆపేది కుడి చేతి కింద ఉన్న ముందు బ్రేకు. దాన్ని ఒక్కసారిగా పట్టేయకుండా, ఒక క్షణంలో క్రమంగా ఒత్తిడి పెంచడం చేతికి అలవాటు కావాలి. ఇది చదివితే రాదు. మట్టి లేని, ఖాళీ తారు మీద గంటకు 20 కిలోమీటర్లతో మొదలుపెట్టి, కాస్త కాస్త పెంచుతూ పదేపదే చేస్తేనే వస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి. నేర్చుకోవడానికి పాత బండి తీసుకుంటే దానికి ఏబీఎస్ ఉందో లేదో ముందే తెలుసుకోండి.

స్కూటర్‌లో రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి. కుడి కాలు అలవాటుగా తొక్కడానికి వెతికితే అక్కడ పలక తప్ప ఏమీ ఉండదు. కారు డ్రైవర్లు మొదటి వారంలో స్కూటర్‌ను కాళ్లతో ఆపబోయేది అందుకే. అలవాటయ్యేదాకా రద్దీలోకి వెళ్లకండి.

మలుపుల సంగతి కూడా కారుకు పూర్తిగా వేరు. వేగం కాస్త పెరిగాక బైక్ హ్యాండిల్ తిప్పితే తిరగదు, వాలితేనే తిరుగుతుంది. ఎడమ వైపు వెళ్లాలంటే ఎడమ హ్యాండిల్‌ను కొద్దిగా ముందుకు నెట్టాలి, బండి ఎడమకు వాలుతుంది. వినడానికి తలకిందులుగా ఉన్నా ఖాళీ రోడ్డు మీద ఒకసారి చేసి చూస్తే అర్థమవుతుంది. మలుపు మధ్యలో భయపడి బ్రేకు పట్టడం కారులో పెద్ద తప్పు కాకపోవచ్చు, బైక్ మీద పడేస్తుంది. వేగం మలుపుకు ముందే తగ్గించుకోవాలి.

కారు అనుభవం పనికొచ్చే చోటు కూడా ఉంది. రోడ్డును ముందుగా చదవడం, కూడలిలో ఎవరు ఎటు తిరగబోతున్నారో పసిగట్టడం, లారీ డ్రైవరుకు ఎక్కడ మనం కనిపించమో తెలియడం మీకు ముందే ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇవి రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఓపిగ్గా నేర్చుకున్న కారు డ్రైవరు మంచి రైడరు అవుతాడని నా నమ్మకం.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

సొంత బండి నడపడానికి ఇన్ని గంటల శిక్షణ తీసుకోవాలని మన చట్టం ఎక్కడా అడగదు. ఇతర దేశాలు ఇదే విషయాన్ని ఎలా చూస్తున్నాయో గమనించండి. ఫ్రాన్స్‌లో కారు లైసెన్సు వచ్చి రెండేళ్లయిన మనిషి 125 సీసీ బండి నడపాలంటే 7 గంటల శిక్షణ పూర్తి చేయాలి. జర్మనీలో బీ196 అనే పద్ధతి ఉంది. 25 ఏళ్లు నిండి, కారు లైసెన్సుకు ఐదేళ్లు గడిచినవాళ్లకు 90 నిమిషాల చొప్పున 4 థియరీ, 5 ప్రాక్టికల్ క్లాసులు ఉంటాయి, పరీక్ష మాత్రం ఉండదు. బ్రిటన్‌లో సీబీటీ అనే ప్రాథమిక శిక్షణ లేకుండా కొత్తవాళ్లు 125 సీసీ బండి కూడా రోడ్డెక్కించకూడదు. ఇటలీలో మాత్రం కారు లైసెన్సుతోనే 125 సీసీ దాకా ఆ దేశంలో నడపొచ్చు. మన దగ్గర లైసెన్సు ఇటలీ కన్నా కష్టం, శిక్షణ దగ్గరికి వచ్చేసరికి అడిగేవాళ్లే లేరు. ఆ లోటును మనమే పూడ్చుకోవాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే.

ఇంట్లోవాళ్లో స్నేహితులో నేర్పడం అన్నిటికన్నా తేలిక. ఖర్చు ఉండదు, మీకు వీలైన వేళ నేర్చుకోవచ్చు. కానీ నేర్పేవాళ్లకు తమ తప్పులు తెలియవు. "ముందు బ్రేకు ముట్టుకోకు, పడిపోతావ్" అనే సలహా మన ఇళ్లలో తరతరాలుగా వస్తోంది. భార్యాభర్తల మధ్య అయితే రెండో రోజుకే గొడవ మొదలవుతుంది, టెన్షన్‌లో నేర్చుకున్నది చేతికి ఎక్కదు. ఈ దారిలో వెళ్లేవాళ్లు బ్యాలెన్స్, హాఫ్ క్లచ్, నెమ్మదిగా తిరగడం వరకు ఇంట్లోవాళ్ల దగ్గర నేర్చుకుని, బ్రేకింగ్ మాత్రం తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోండి.

ఊళ్లో డ్రైవింగ్ స్కూళ్లలో ఎక్కువ కారుకే పరిమితం. కొన్ని చోట్ల స్కూటర్ క్లాసులు ఉంటాయి, మహిళలకు మహిళలే నేర్పేవి కూడా ఉన్నాయి. చేరేముందు మూడు సంగతులు అడగండి: బండి వాళ్లదేనా, మైదానంలో ఎన్ని గంటలు, హఠాత్తుగా ఆపడం నేర్పుతారా? మూడోదానికి జవాబు తడబడితే అక్కడ వచ్చేది లైసెన్సే కానీ శిక్షణ కాదు.

మూడో దారి గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలు. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం అక్కడ కోర్సు పూర్తి చేసి పాసైనవాళ్లకు ఆర్టీఏ దగ్గర మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు. దగ్గర్లో అలాంటిది ఉండి, ద్విచక్ర వాహనాల కోర్సు నడుపుతుంటే ఎక్కువ డబ్బైనా అదే ఎంచుకోండి. బండ్ల కంపెనీలు కొన్ని నడిపే సేఫ్టీ రైడింగ్ కార్యక్రమాలు కూడా మంచివే. అక్కడ మీరు పడిపోయినా ఇబ్బంది లేని చోట తప్పులు చేయొచ్చు.

ఏదీ దొరకని ఊళ్లో ఉన్నవాళ్లు బ్రిటన్ సీబీటీ వరస పాటించండి. ముందు కంటిచూపు, హెల్మెట్, బట్టల గురించి మాట్లాడతారు. తర్వాత బండి ఆపి ఉంచి దాని భాగాలు తెలుసుకుని, నెట్టుకుంటూ తిప్పుతారు. ఆ తర్వాత మైదానంలో నడుపుతారు. పిమ్మట రోడ్డు గురించి పాఠం, చివరగా కనీసం 2 గంటలు శిక్షకుడి వెంట రోడ్డు మీద. మన దగ్గర చాలామంది మొదటి నాలుగూ వదిలేసి నేరుగా చివరిదానికి వెళ్తారు. బండి నెట్టుకుంటూ తిప్పడం చిన్న పనిలా కనిపించినా, దాని బరువు ఎటు పడుతుందో ఒంటికి తెలిసేది అప్పుడే.

హెల్మెట్ విషయంలో బేరం లేదు. ఐఎస్ 4151 ప్రమాణం, ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. మైదానంలో కూడా పెట్టుకోండి.

మొదటి బండి

మీకు కారు కొనే స్తోమత ఉంది కాబట్టి పెద్ద బైక్ మీద కన్ను పడటం సహజం. క్లాసిక్ 350 లాంటి బండి బరువు 195 కిలోలు. నడుస్తున్నప్పుడు ఆ బరువు తెలియదు. వాలు మీద ఆగినప్పుడు, ఇసుకలో రివర్స్ తీసుకునేటప్పుడు, సిగ్నల్ దగ్గర కాలు గుంటలో పడినప్పుడు తెలుస్తుంది. మొదటి ఏడాది 100 నుంచి 125 సీసీ మధ్య, రెండు పాదాలూ నేలకు ఆనే ఎత్తులో సెకండ్ హ్యాండ్ బండి తీసుకోండి. అమ్మినా పెద్దగా నష్టం ఉండదు. పరీక్షకు కూడా అదే సుఖం, ఎందుకంటే ఎనిమిది ట్రాక్ మీద తేలిక బండి మాట వింటుంది.

గోవాకో విదేశాలకో వెళ్లేవాళ్లకు

గోవాలో నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలతో ఉండే అద్దె స్కూటర్ ఇచ్చేవాళ్లు లైసెన్సు అడిగినా, అందులో ఏ తరగతి ఉందో చాలామంది చూడరు. వాళ్లు బండి ఇచ్చారంటే మీకు అర్హత ఉందని కాదు. థాయ్‌లాండ్, బాలి లాంటి చోట్ల ఇదే తప్పు ఇంకా ఖరీదైనది. ఆసుపత్రి బిల్లు వచ్చాక ట్రావెల్ ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది మోటార్ సైకిల్ లైసెన్సే.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏడాది చెల్లుతుంది, ఫీజు 1,000 రూపాయలు. మీ అసలు లైసెన్సులో ఉన్న తరగతులే అందులో ఉంటాయి. ఎల్ఎంవీ ఒక్కటే ఉంటే పర్మిట్‌లో బైక్ ఉండదు. చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్లేవాళ్లు మన లైసెన్సుతో అక్కడ 12 నెలలు, జర్మనీ వెళ్లేవాళ్లు 6 నెలలు నడపొచ్చు, అదీ లైసెన్సులో ఉన్న తరగతులకే. ఎల్ఎల్ఆర్ తర్వాత 30 రోజుల నిరీక్షణ, ఒకసారి తప్పితే మరో వారం, కార్డు పోస్టులో రావడానికి కొన్ని రోజులు కలుపుకుంటే, ప్రయాణానికి కనీసం మూడు నెలల ముందే ఎంసీడబ్ల్యూజీకి దరఖాస్తు పెట్టాలి. పర్మిట్‌కు మాత్రం కొత్త తరగతి లైసెన్సులో చేరాకే వెళ్లండి.